స్నేహితుల మీదుగా సాగే వర్తకం

తపాలా కార్డు చవకగా దొరికిన రోజులలో మన ఊళ్ళలో గొలుసు ఉత్తరం అనే వింత ఒకటి ఉండేది. తిరుపతి వేంకటేశ్వరస్వామివారి పేరనో, మరియొక దేవుని పేరనో ఇంటికి ఒక కార్డు వచ్చేది. చదివినవారు దానికి నకళ్ళు రాసి ఇంతమందికి పంపితే ఇంట సిరి కురుస్తుందనీ, పంపక చింపివేసినవారికి కీడు మూడుతుందనీ అందులో ఉండేది. నమ్మినవారు భక్తితో పంపేవారు. నమ్మనివారు ఎందుకైనా మంచిదని పంపేవారు. మొదటి కార్డు రాసిన మహానుభావుడు ఎవరో లోకానికి తెలియదు. తన కార్డు ఎంతదూరం ప్రయాణం చేసినదో ఆయనకూ తెలియదు. తపాలా శాఖకు తప్ప ఆ వ్యవహారంలో ఎవరికీ దమ్మిడీ ఆదాయం లేదు.

నేడు ఆ గొలుసే చేతిలోని ఫోనులోకి వచ్చినది. అయితే ఇప్పుడు మొదటి కార్డు రాసినవానికి సర్వమూ తెలుసును. ఎవరు ఎవరికి పంపినారు, ఎవరు తెరచి చూచినారు, ఎవరు చూడక వదిలినారు, చూచినవారిలో తమ పేరూ ఫోను నెంబరూ ఇచ్చినవారెవరు అన్నదంతా గంటగంటకూ పద్దు రూపంలో అతని ముందుకు వస్తున్నది. గొలుసు ఉత్తరానికి లెక్కల పుస్తకం తోడైనదన్నమాట. సామాజిక మాధ్యమాలలో ఒకరినుండి ఒకరికి పాకే చిన్న ఆటలు, ప్రశ్నావళులు, బహుమతి పందేలు మొదలైన వాటిని వైరల్ యాప్‌లు అంటున్నారు. వీటి వెనుకనున్న వర్తక సూత్రం ఏమిటి? అందులో వర్తకునికి వచ్చేదేమిటి, మనవద్దనుండి పోయేదేమిటి? ఈ ప్రసంగంలో ఆ సంగతి కొంత విచారిద్దాం.

ముందుగా వర్తకుల భాషలోని రెండు మాటలు తెలుసుకోవాలి. మొదటిది ట్రాఫిక్. అంగడి ముంగిటికి వచ్చే జనం అని దాని అర్థం. రెండవది లీడ్. సరుకు కొనే అవకాశం ఉన్న ఒక మనిషి పేరు, అతనిని తిరిగి పట్టుకొనే దారి, వీలైతే అతనికి ఏమి కావాలో ఆ వివరం - ఈ మూడూ కలిస్తే లీడ్. 1938లో ఆరంభమై నేడు హైదరాబాదు నాంపల్లి మైదానంలో ఏటేటా సాగే నుమాయిష్ వంటి ప్రదర్శనలకు వెళ్ళివచ్చినవారికి ఈ భేదం చెప్పకుండానే తెలుస్తుంది. దీపాలు, పాటలు చూచి దుకాణం ముందు నిలిచిన గుంపు ట్రాఫిక్. ఆ గుంపులో కొందరు కాగితపు చీటీ మీద పేరూ నెంబరూ రాసి, లక్కీ డ్రాలో స్కూటరు వస్తుందన్న ఆశతో పెట్టెలో వేసి వస్తారు. ఆ చీటీ లీడ్. వారం తిరగకముందే ఇంటిస్థలం కొంటారా అని ఫోను వస్తుంది. స్కూటరు మాత్రం రాదు.

చీటీల పెట్టెకు ఒక లోపం ఉన్నది. అక్కడికి వచ్చినవారు మాత్రమే అందులో చీటీ వేయగలరు. వచ్చినవాడే వెళ్ళి మరి నలుగురిని పిలుచుకొని వచ్చేటట్లు చేయగలిగితే? వైరల్ విద్య అంతా ఈ ఒక్క ప్రశ్నలోనుండి పుట్టినది.

ఈ విద్యకు తొలి పాఠం చెప్పినవారిలో ఒక భారతీయుడు ఉన్నాడు. చండీగఢ్‌లో పుట్టి బెంగుళూరులో పెరిగిన సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనే సహచరునితో కలిసి 1996 జూలై 4న అమెరికాలో హాట్‌మెయిల్ అనే ఉచిత ఈ-మెయిల్ సేవను ప్రారంభించినాడు. ప్రకటనలకు వెచ్చించేటంత ధనం లేదు. పెట్టుబడిదారైన టిమ్ డ్రేపర్ ఒక ఉపాయం చెప్పినాడు. ఎవరు ఎవరికి ఉత్తరం రాసినా దాని అడుగున, మీరు కూడా ఇటువంటి ఖాతా ఉచితంగా తెరవవచ్చునని ఒక పంక్తి తనంతట తానే చేరాలి. అంతే. రాసిన ప్రతి ఉత్తరమూ కరపత్రమైనది. రాసిన ప్రతి మనిషీ తనకు తెలియకుండానే ప్రచారకుడైనాడు. ఏడాదిన్నర తిరిగేసరికి ఖాతాదారుల సంఖ్య కోటి దాటినది. 1997 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని కొనివేసినది. ఈ పద్ధతికి వైరల్ మార్కెటింగ్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చినవారు డ్రేపర్, ఆయన భాగస్వామి స్టీవ్ జర్వెట్సన్. అంటువ్యాధి పేరు పెట్టుకొని గర్వించిన వర్తకం లోకంలో ఇదొక్కటే కాబోలు.

ఆ పేరులో వట్టి అలంకారమే కాదు, గణితం కూడ ఉన్నది. 2020లో కరోనా కాలమంతా మనం పత్రికలలో చదివిన లెక్కే ఇక్కడా నడుస్తుంది. ఒక ఆటలో మొదట 100 మంది చేరినారనుకుందాం. ఒక్కొక్కరు 5గురిని పిలిచినారు. మొత్తం పిలుపులు 500. పదిమందిలో ఒకరు వచ్చినారంటే కొత్తవారు 50 మంది. ఆ 50 మంది పిలిస్తే 25 మంది, వారు పిలిస్తే 12 మంది. ఇట్లా తగ్గుతూ పోయి మొత్తం 200 దగ్గర ఆట చల్లబడుతుంది. ఇప్పుడు పదిమందిలో ఒకరికి బదులు నలుగురిలో ఒకరు వచ్చినారనుకుందాం. కొత్తవారు 125. తరువాతి విడతలో 156. పదవ విడతలో వచ్చేవారే 931 మంది. ముప్పదవ విడతకు ఆ సంఖ్య 80,000 దాటుతుంది. ఒక మనిషి సగటున తనవెంట ఎంతమందిని తేగలడన్న ఈ సంఖ్యను వర్తకులు కె-ఫ్యాక్టర్ అంటారు. అది ఒకటికి కొంచెం తక్కువైతే దీపం ఆరిపోతుంది. కొంచెం ఎక్కువైతే దావానలం.

మరియొక సంగతి కూడ చూడాలి. విడతకూ విడతకూ నడుమ ఎంత కాలం పడుతున్నది? ఉత్తరం అందిననాడే మరొకరికి పంపితే ముప్పది విడతలు నెలలో పూర్తవుతాయి. వారానికొకసారి పంపితే ఏడు నెలలు కావాలి. అందుచేతనే ఈ ఆటలు మనలను ఇప్పుడే పంపు, వెంటనే పంపు అని తొందరపెడతాయి. అయినా ఏ మంటా నిరంతరం మండదు. ఊరిలో పిలువదగినవారందరినీ పిలిచిన తరువాత పిలుపులన్నీ పిలిచినవారికే వెళ్ళుతాయి. పైన చెప్పిన లెక్క కాగితం మీద అనంతం. ఊరిలో మాత్రం ఊరి జనాభా అంత.

ఈ గణితానికి సరియైన రంగస్థలం 2007లో దొరికినది. 2004లో హార్వర్డ్ విద్యార్థుల కోసం మార్క్ జకర్‌బర్గ్ స్థాపించిన ఫేస్‌బుక్, 2007 మే 24న తన ఆవరణలో బయటివారు కూడ ఆటలు, యాప్‌లు నడుపుకొనవచ్చునని ప్రకటించినది. అంతకుముందు పిలుపు పంపాలంటే చిరునామా తెలియాలి. ఇక్కడ ప్రతి మనిషి చుట్టూ అతని బంధుమిత్రుల జాబితా సిద్ధంగా ఉన్నది. ఆ శరదృతువులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బి.జె. ఫాగ్ అనే ఆచార్యుడు ఇటువంటి యాప్‌లు తయారుచేయడమే పాఠ్యాంశంగా ఒక తరగతి నడిపినాడు. విద్యార్థులు సుమారు 75 మంది. పదివారాలలో వారు చేసిన యాప్‌లను వాడినవారు 1 కోటి 60 లక్షల మంది! స్నేహితునికి ఒక ఆలింగనం బొమ్మ పంపడం, నీవు అందగాడివని సందేశం పంపడం వంటి వెర్రిమొర్రి యాప్‌లే బాగా పాకినవి. కష్టపడి రాసిన తెలివైన యాప్‌లు వెనుకబడినవి. ఆ తరగతిలోని పిల్లలు నేర్చుకున్న పాఠం ఇది. తరువాత వర్తక లోకమంతా నేర్చుకున్నది.

ఎందుకు పాకుతాయి ఇవి? పేరంటానికి పిలిచి వాయనం ఇచ్చిన ఇంటికి మన ఆడవారు తిరుగు వాయనం ఇవ్వక మానరు. పెళ్ళిలో చదివింపుల పుస్తకం తెరచి, మన ఇంట శుభకార్యానికి వారు ఎంత చదివించినారో చూచుకొని, అంతకు తగ్గకుండా చదివించడం మన మర్యాద. పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలనే ఈ గుణం మానవజాతి అంతటిలోనూ ఉన్నది. దానిమీద పైరు వేసి పండించినవాడు మార్క్ పింకస్. ఆయన స్థాపించిన జింగా సంస్థ 2009 జూన్‌లో ఫామ్‌విల్ అనే ఆట విడుదల చేసినది. ఫోటోలో కూడ ఎన్నడూ నాగలి చూడని నగరవాసులు తెర మీద పొలం దున్ని, విత్తి, కోసేవారు. వేళకు కోయకపోతే పైరు ఎండిపోయేది. స్నేహితుడు ఒక చెట్టునో, కోడినో కానుకగా పంపేవాడు. పుచ్చుకున్నవారు తిరిగి పంపేవారు. పొలం పెంచాలంటే పొరుగువారు కావాలి. పొరుగువారు కావాలంటే స్నేహితులను పిలవాలి. 2010 తొలినెలల నాటికి నెలకు 8 కోట్లమందికి పైగా ఆ పొలాలలో కాలు పెట్టేవారు.

జనం వచ్చినారు, బాగున్నది. డబ్బు ఎట్లా వచ్చినది? ఆటలోని నాణేలను నిజమైన డాలర్లతో కొనేవారు చాలా కొద్దిమంది. తక్కినవారికి మరొక దారి చూపినారు. ఫలానా కంపెనీ పత్రం నింపండి, ఫలానా ప్రశ్నావళికి సమాధానం చెప్పండి, నాణేలు ఉచితం. నింపిన ప్రతి పత్రానికీ ఆ కంపెనీ ఆటవారికి రుసుము ఇస్తుంది. లీడ్ అమ్మకం అంటే ఇదే. ఇందులో కొన్ని నిజాయితీగల బేరాలు ఉన్నవి. కొన్ని పచ్చి మోసాలు. తెలివితేటల పరీక్ష అని నాలుగు ప్రశ్నలు అడిగి, ఫలితం పంపడానికి మొబైల్ నెంబరు ఇమ్మనేవారు. ఇచ్చినవారి ఫోను బిల్లులో నెలనెలా దాదాపు 10 డాలర్లు చేరేవి. సన్న అక్షరాలలో ఆ సంగతి రాసే ఉండేది, చదివేదెవరు? 2009లో మైకేల్ ఆరింగ్టన్ అనే పాత్రికేయుడు టెక్‌క్రంచ్‌లో ఈ గుట్టు బయటపెట్టగా పెద్ద గందరగోళం చెలరేగి, జింగా అట్టి ప్రకటనలను తొలగించవలసి వచ్చినది.

ఆ సంస్థ కథలోనుండి వర్తకులు గ్రహించవలసినది మరొకటి ఉన్నది. పిలుపుల వాన విసుగు పుట్టించినదని జనం మొరపెట్టగా 2010లో ఫేస్‌బుక్ ఆటల నోటీసులను కట్టడి చేసినది. పరుల ఇంటి అరుగు మీద అంగడి పెట్టినవాడు ఇంటి యజమాని మాట వినక తప్పదు. 2011 డిసెంబరులో 10 డాలర్లకు అమ్మిన జింగా వాటా ఏడాది తిరగకముందే 3 డాలర్లకు దిగువన పడినది. ఫామ్‌విల్ తొలి ఆటను 2020 డిసెంబరు 31న మూసివేసినారు.

ఇక మన ఊరి చిన్న వర్తకుని సంగతి. గానుగ నూనె అమ్మే ఒకరు ఎవరో సలహా చెప్పగా, మీరు ఏ సినిమా తారను పోలి ఉన్నారు అనే ఆట చేయించినాడనుకుందాం. లక్షమంది వచ్చినారు. వెయ్యిమంది నెంబర్లు ఇచ్చినారు. నూనె కొన్నవారు పదిమంది. ఆ వెయ్యి నెంబర్లకూ ఫోను చేయడానికి పెట్టిన కూలీ వారి మీద వచ్చిన లాభానికి పదింతలు. ఇంకొకరు, ఇంట్లో మనుషులు ఇంతమంది, పిండివంటలు ఇన్నిసార్లు అని చెబితే నెలకు నూనె ఎంత కావాలో చెప్పే చిన్న లెక్క తయారుచేసి వాట్సాప్‌లో తన పాత ఖాతాదారులకు పంపినాడు. ఐదువందలమంది చూచినారు, నూరుగురు నెంబరు ఇచ్చినారు, ముప్పదిమంది కొన్నారు. ఇవి ఊహించి చెప్పిన అంకెలే. వాటి తీరు మాత్రం ఈ వ్యాపారంలో ఉన్నవారందరూ ఎరిగినదే. తమాషా కోసం వచ్చినవాడు తమాషా చూచి వెళ్ళుతాడు; సరుకుతో సంబంధమున్న పని కోసం వచ్చినవాడే బేరమాడతాడు.

డ్రాప్‌బాక్స్ అనే అమెరికా సంస్థ ఈ మెలకువను చక్కగా పట్టుకున్నది. మన పత్రాలను దాచిపెట్టే చోటును అద్దెకిచ్చే సంస్థ అది. స్నేహితుని చేర్చినవారికి కొంత చోటు, చేరిన స్నేహితునికీ కొంత చోటు ఉచితమన్నది. బహుమతిగా ఇచ్చినది తాను అమ్మే సరుకే కనుక, ఆ సరుకుతో పని ఉన్నవారే ఆశపడినారు. 2008 సెప్టెంబరులో లక్షగా ఉన్న ఖాతాదారులు 2010 జనవరికి 40 లక్షలైనారు.

మన దేశంలో దీపావళికి జరిగిన ముచ్చట శ్రోతలలో చాలామందికి జ్ఞాపకం ఉండవచ్చును. 2017 సెప్టెంబరులో తేజ్ అన్న పేరుతో వచ్చి తరువాత గూగుల్ పేగా మారిన చెల్లింపు యాప్, 2019లో దీపం, లాంతరు, పువ్వు, జుంకా, రంగోలి అనే ఐదు బొమ్మలు కూడబెట్టినవారికి 251 రూపాయలు ఇస్తామన్నది. నాలుగు సులభంగానే కూడేవి. రంగోలి మాత్రం దొరికేది కాదు. ఆఫీసులలోనూ, బంధువుల ఇళ్ళలోనూ మీవద్ద రంగోలి ఉన్నదా అన్న ప్రశ్నే ఆ పండుగకు కుశలప్రశ్న అయినది. ఆ రంగోలిని వెతుకుతూ డబ్బు పంపడం నేర్చుకున్న పెద్దవారు ఎందరో. వర్తకుని దృష్టిలో అది ఖర్చు కాదు, గురుదక్షిణ ఎదురిచ్చి చెప్పిన పాఠం.

గొలుసు అంటే ధనార్జనకే అని కూడ అనరాదు. 2014లో అమెరికాలో మంచునీళ్ళ బకెట్టు నెత్తిన పోసుకొనే పందెం ఒక నరాల వ్యాధి మీద పరిశోధనకు కోట్ల డాలర్లు కూర్చినది. అది చూచి హైదరాబాదు పాత్రికేయురాలు మంజులత కళానిధి, నీళ్ళ బకెట్టుకు బదులు బియ్యపు బకెట్టు ఆకలిగొన్నవారికి ఇవ్వండని రైస్ బకెట్ ఛాలెంజ్ ఆరంభించినారు. అందులో ఎవరి నెంబరూ ఎవరికీ అమ్మవలసిన పని పడలేదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వద్దాం. పాట కోరుతూ రేడియోకు కార్డు రాసే శ్రోత తన పేరుతోపాటు ఇంటిల్లిపాది పేర్లూ, వీధిలో నలుగురి పేర్లూ రాసేవాడు. వారిని అడిగి రాసినాడా? లేదు. అయినా బాధ లేదు; ఆ పేర్లు ఒకసారి గాలిలో వినిపించి పాటలో కలిసిపోయేవి. యాప్‌కు ఇచ్చిన పేరు అట్లా కలిసిపోదు. మనం ఆటలోకి అడుగు పెట్టేముందు, మీ కాంటాక్టులు చూడవచ్చునా అని అది అడుగుతుంది. సరే అని వేలు పెట్టినామా, మన వదినగారి నెంబరు, పిల్లల డాక్టరు నెంబరు, పాలవాని నెంబరు ఏకమొత్తంగా వెళ్ళిపోతాయి. వారిని ఎవరూ అడుగలేదు. ఇచ్చినది వారి సొత్తు, ఇచ్చినవారము మనము. పాత్ అనే సంస్థ ఫోనులలోని చిరునామా పుస్తకాలను చెప్పకుండా తీసుకొన్నదన్న ఆరోపణపై 2013లో రాజీపడవలసి వచ్చినది. సభ్యుల పేర వారి పరిచయస్థులకు మళ్ళీ మళ్ళీ పిలుపులు పంపినదన్న వ్యాజ్యంలో లింక్డ్‌ఇన్ 2015లో 1 కోటి 30 లక్షల డాలర్లకు రాజీపడినది.

అన్నిటికంటె పెద్ద ఉదంతం కేంబ్రిడ్జ్ అనలిటికాది. అలెగ్జాండర్ కోగన్ అనే పరిశోధకుడు ఫేస్‌బుక్‌లో ఒక మనస్తత్వ ప్రశ్నావళి యాప్ పెట్టినాడు. దానిలో చేరినవారు సుమారు 2 లక్షల 70 వేలమంది. నాటి నిబంధనల ప్రకారం, చేరినవారి వివరాలతోపాటు వారి స్నేహితుల వివరాలు కూడ యాప్‌కు అందేవి. ఆ వివరాలు ఎన్నికల ప్రచారం నడిపే సంస్థ చేతికి చేరినవి. 2018లో గుట్టు రట్టైనప్పుడు ఫేస్‌బుక్ స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం, వివరాలు పోయి ఉండవచ్చునన్నవారు 8 కోట్ల 70 లక్షలు. మన దేశంలో ఆ యాప్‌ను తెరచినవారు 335 మంది మాత్రమే. వివరాలు పోయి ఉండవచ్చునన్న భారతీయులు 5,62,455 మంది! తక్కినవారంతా ఏ ప్రశ్నకూ జవాబు చెప్పినవారు కారు. చెప్పినవారికి స్నేహితులు, అంతే. స్నేహితుల వివరాలను ఇట్లా ఇచ్చే ఆ ద్వారాన్ని ఫేస్‌బుక్ 2015లోనే మూసివేసినా, పోయినవి పోయినవే. 2019లో అమెరికా వాణిజ్య కమిషన్ ఆ సంస్థకు 500 కోట్ల డాలర్ల జరిమానా విధించినది.

మన ఇంటి ముంగిట జరిగినది ఇంకా దారుణం. 2020లో క్షణాలలో అప్పు ఇస్తామన్న యాప్‌లు కొన్ని, అప్పుతోపాటు రుణగ్రస్తుని కాంటాక్టులన్నీ తీసుకొనేవి. వాయిదా తప్పితే అతని బంధువులకు, తోటి ఉద్యోగులకు ఫోను చేసి పరువు తీసేవి. తెలంగాణలో కొందరు ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నారు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు దాడులు చేసి పలువురిని అరెస్టు చేసినారు. అప్పు యాప్‌లు ఫోనులోని కాంటాక్టులను తాకరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు జారీచేసినది. ఆటకోసం సరే అన్న వేలూ, అప్పుకోసం సరే అన్న వేలూ తెరచినది ఒకే తలుపు.

వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు చట్టం చేసినది. సమ్మతి అనేది స్వేచ్ఛగా, తెలిసి, ఫలానా పనికే అని స్పష్టంగా ఇచ్చినదై ఉండాలని ఆ చట్టం అంటున్నది. చట్టం తన పని తాను చేసేలోగా ఇంటివద్ద చేయదగినది కొంత ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోను ఉన్నవారు సెట్టింగులలో ప్రైవసీ అన్న భాగం తెరచి, అందులో పర్మిషన్ మేనేజర్, అందులో కాంటాక్ట్స్ అన్నచోట చూస్తే, మన జాబితా చూచే అధికారం ఏయే యాప్‌లకు ఇచ్చినామో వరుసగా కనిపిస్తుంది. ఫోను చేసే యాప్‌కు, వాట్సాప్ వంటివాటికి ఆ అధికారంతో పని ఉన్నది. టార్చిలైటుకూ, జాతకం చెప్పేదానికీ, పిల్లలు ఎప్పుడో దించుకొని మరచిపోయిన పందెపు ఆటకూ లేదు. పేరు మీద వేలు పెట్టి వద్దు అన్న గుర్తు ఎన్నుకొంటే చాలును. యాప్ అట్లాగే ఉంటుంది, జాబితా మాత్రం ఇకమీదట దానికి కనిపించదు. ఫేస్‌బుక్ వాడేవారు అక్కడి సెట్టింగులలో యాప్‌లు, వెబ్‌సైట్లు అన్నచోట కూడ ఒకసారి చూడవచ్చును. ఎన్నడో ఆడి మరచిన ఆటల పేర్లు కొన్ని ఆ జాబితాలో ఇంకా ఉండవచ్చును.